మందులకు సరే, అద్దెకో?

"అన్నా, మందులు ఆరోగ్యశ్రీలో వస్తున్నాయి. గది అద్దెకే కష్టంగా ఉంది."

ఫోన్లో మా ఊరి తమ్ముడు. ఆటో నడుపుతాడు. ఆరేళ్ళ కొడుక్కి లుకేమియా. ఆటో ఊళ్ళో వదిలేసి, హైదరాబాదులో ఆస్పత్రి దగ్గర గది తీసుకున్నారు.

నేనుండేది అల్ ఐన్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పిల్లాడి ఫొటో పెట్టి చందాలు అడుగుదామనుకున్నా. ఆఫీసులో ఓ పెద్దాయన ఆపారు. "వద్దు బాబూ. 2021 చట్టం ప్రకారం ఇక్కడ విరాళాలు వసూలు చేయాల్సింది అనుమతి ఉన్న సంస్థలే. మనం చేస్తే నేరం."

ఫొటో తీసేశాను. వాళ్ళమ్మని ఒక్క మాటైనా అడగలేదని అప్పుడు తట్టింది.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకి వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, ధనిక దేశాల్లో క్యాన్సరొచ్చిన పిల్లలు 80 శాతం పైగా కోలుకుంటుంటే, పేద దేశాల్లో 30 శాతం లోపే. వైద్యం మధ్యలో మానెయ్యటం కూడా ఒక కారణమట. కూలి పోగొట్టుకుని, అద్దె కట్టలేక ఊరెళ్ళిపోతే మందులు ఉచితమైనా ఏం లాభం?

2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్ళు ఇలాంటి కుటుంబాలకి ఉచితంగా గదులిస్తారు. హైదరాబాదులోనూ ఉన్నారు. ఆస్పత్రి ద్వారానే వెళ్ళాలి. అక్కడ అడగమని తమ్ముడికి చెప్పాను.

గది దొరికేదాకా అద్దె నాది. ఒక్కసారి పంపి చేతులు దులుపుకోకుండా, నెలనెలా, జీతం పడిన రోజే.

మీరూ ఎవరికైనా సాయం చేసేముందు అడగండి: "దేనికి తక్కువవుతోంది?"