విషమును విఱుచు సూక్ష్మజీవులు



ప్రత్తిపాడు ప్రాంతమున ప్రత్తి, మిరప పండించు ఒక వృద్ధ కర్షకుడు నన్నొకసారి ఇట్లు ప్రశ్నించెను: "ఏటేట చేలపై చల్లిన పురుగుమందు తుదకు ఏమగును?" ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

మందు కొంత యెండకు చెడును. కొంత వాననీటితో కొట్టుకొనిపోవును. కొంత మంటిలో దిగును. దిగినదానిలో కొంతను కంటికి కానరాని సూక్ష్మజీవులు విఱుగగొట్టును.

పెరాథియాన్ అను మందు 1940-50 సంవత్సరముల నడుమ జర్మనీలో పుట్టినది. అది పురుగుల నరములను పట్టి చంపును. మనుష్యుని నరములనైనను విడువదు. దాని తోబుట్టువగు మిథైల్ పెరాథియానును మన ప్రభుత్వము 2018లో నిషేధించినది. పూర్వము సృష్టిలో లేని యీ విషమును విఱుచు విద్య సూక్ష్మజీవుల కెట్లబ్బినది?

ఫిలిప్పీను దీవుల వరిమడి నుండి తీసిన యొక సూక్ష్మజీవి పెరాథియానును విఱుచునని 1973లో సేతునాథన్, యోషిదా అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పిదప అమెరికాలో వేఱొక జాతి సూక్ష్మజీవికిని ఆ శక్తి కలదని తెలిసినది. జాతులు వేఱు, నడుమ మహాసముద్రము. అయినను విషమును విఱుచు జన్యువు, అనగా తల్లిదండ్రుల నుండి బిడ్డకు సంక్రమించు లక్షణపు వ్రాత, రెండింటను ఒక్కటియే!

అగ్గిపెట్టెలు లేని దినములలో మన స్త్రీలు పొరుగింటి పొయ్యి నుండి పిడకపై నిప్పు తెచ్చుకొనెడివారు. ఇచ్చినవారి పొయ్యి ఆఱెడిది కాదు; తెచ్చుకొన్నవారి పొయ్యి రాజుకొనెడిది. సూక్ష్మజీవుల వ్యవహారమును అట్టిదే. అనేక సూక్ష్మజీవులలో ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయము వేఱుగా నుండును. ఒక జీవి ప్రక్కదానిని తాకి, ఆ వలయపు నకలును దానికందింపగలదు. రెండును ఒకే జాతివి కానక్కఱలేదు. మఱియు కొన్ని జన్యుఖండములు ఉన్నచోటు విడిచి వేఱొకచోట చేరగలవు. ఫిలిప్పీను సూక్ష్మజీవిలో విషమును విఱుచు జన్యువు చుట్టును అట్టి సంచార ఖండముల గుర్తులున్నట్లు 2003లో దయానంద సిద్ధవటముగారును వారి సహచరులును వెల్లడించిరి. తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమున వారీ పరిశోధనను సాగించి, ఆ వలయము ఇతర సూక్ష్మజీవులకు తరలిపోగలదని చూపిరి.

ఇది విని, "నేల తన్ను తానే శుద్ధి చేసికొనును, మనకేమి భయము?" అని తలపరాదు. పెరాథియాన్ విఱిగినపుడు నైట్రోఫినాల్ అను మఱొక విషము మిగులును. దానిని తినుటకు వేఱు శక్తి కావలెను. ఒక జన్యువు తనకు తగిన విషములనే విఱుచును గాని అన్నింటిని విఱువజాలదు. అంతేకాదు, రోగములు కలిగించు సూక్ష్మజీవులు మన ఔషధములకు లొంగని శక్తిని ఒకదాని కొకటి యిచ్చుకొనుటయు తఱచుగా నీ మార్గముననే.

కావున పెద్దలారా, మిగిలిన మందును చెఱువులో పోయనీయకుడు. అవసరమునకు మించి చల్లనీయకుడు. నిప్పు అన్నమును వండును. ఏమఱినచో ఇంటిని కాల్చును. ఆ కర్షకునకు నేను చెప్పిన మాటయు నిదియే.