కీ ఇస్తే పలికే రేడియో

గోడగడియారానికి కీ ఇస్తే రోజుల తరబడి నడుస్తుంది. కీ ఇచ్చిన బొమ్మకోతి గంతులు వేస్తుంది. అలాగే కీ ఇస్తే రేడియో కూడా పలుకుతుందంటే నమ్ముతారా? అటువంటి రేడియో నిజంగానే ఉన్నది. దాన్ని కనిపెట్టినవాడు ట్రెవర్ బేలిస్ అనే ఇంగ్లీషువాడు.

బేలిస్ 1937లో పుట్టాడు. చిన్నతనంలోనే గొప్ప ఈతగాడనిపించుకున్నాడు. పెద్దవాడై సాహసవిద్యలు ప్రదర్శిస్తూ జీవించాడు. అటువంటి పనులు చేసే స్నేహితులు కొందరు ప్రమాదాలలో దెబ్బలు తిన్నారు. అది చూసి బేలిస్, ఒంటి చేత్తో వాడుకోదగిన చిన్న చిన్న పరికరాలు ఎన్నో తయారుచేశాడు.

1991లో ఆయన టెలివిజనులో ఆఫ్రికాను గురించి ఒక కార్యక్రమం చూశాడు. అక్కడ ఎయిడ్స్ వ్యాధి పాకిపోతున్నది. దానినుంచి తప్పించుకునే మార్గం పల్లెపల్లెకూ తెలియజెయ్యాలంటే రేడియోయే మంచి సాధనం. కాని చాలా పల్లెలలో కరెంటు లేదు. బాటరీలు కొనటం బీదవారికి తలకు మించిన ఖర్చు. చెప్పవలసిన మాట చెవిని పడకనే మనుషులు చచ్చిపోతున్నారు.

బేలిస్‌కు పాతకాలపు గ్రామఫోను జ్ఞాపకం వచ్చింది. కీ ఇస్తే అది అంత పెద్దగా పాడినప్పుడు, రేడియోకు కావలసిన కాస్త విద్యుత్తు కీతో పుట్టించలేమా? ఆయన తన పనిగదికి వెళ్ళి, ఒక చిన్న మోటారును చేతిబరమాకు బిగించి గిరగిరా తిప్పాడు. మోటారు తీగలు రేడియోకు తగిలించగానే రేడియో పలికింది!

ఇందులో వింత లేదు. మోటారుకు విద్యుత్తు ఇస్తే తిరుగుతుంది. మనమే దాన్ని తిప్పితే విద్యుత్తు ఇస్తుంది. అప్పుడు దాన్ని డైనమో అంటాం.

కాని చేత్తో ఎంతసేపని తిప్పుతాం? అందుకని బేలిస్ స్ప్రింగు పెట్టాడు. మొదటి నమూనాకు 2 నిమిషాలు కీ ఇస్తే 14 నిమిషాలు పలికింది. అయితే మామూలు స్ప్రింగు మొదట బలంగా లాగి, పోను పోను నీరసపడుతుంది. రేడియోకు ఒకే తీరు బలం కావాలి. అందుచేత అమ్మకానికి వచ్చిన రేడియోలలో ఉక్కు రిబ్బను ఒకటి వాడారు. కీ తిప్పినప్పుడు అది ఒక కండె నుంచి మరొక కండెకు ఎదురు చుట్టుకుంటుంది. వదలగానే మళ్ళీ మొదటి కండెకు పోవాలని ఒకే బలంతో లాగుతుంది. పళ్ళచక్రాలు ఆ నెమ్మది కదలికను వేగంగా మార్చి డైనమోను తిప్పుతాయి.

మొదట ఈ రేడియోను తయారుచెయ్యటానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. 1994లో బి.బి.సి. టెలివిజను దీన్ని చూపించాక గాని దశ తిరగలేదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో ఫాక్టరీ వెలిసింది. అందులో పనిచేసినవారిలో చాలామంది వికలాంగులు. కరెంటు లేని పల్లెలకు వార్తలూ, ఆరోగ్యసూత్రాలూ, పాఠాలూ చేరాయి. బేలిస్ 2018లో చనిపోయాడు.

మీరు కూడా ఈ సంగతి పరీక్షించవచ్చు. విరిగిన బొమ్మకారులోని మోటారు తీసి, దాని రెండు తీగలకు చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం తగిలించండి. ఇరుసుకు దారం చుట్టి చర్రున లాగండి. దీపం తళుక్కుమంటుంది. వెలగకపోతే తీగలు అటూ ఇటూ మార్చి చూడండి. గోడలోని కరెంటు జోలికి మాత్రం పోవద్దు. ఈ దీపానికి మీ చేతిబలమే చాలు!