తలాంతు అంటే ప్రతిభేనా?

"టాలెంట్" అనే ఇంగ్లీషు మాట తెలియనివారు ఈ రోజుల్లో లేరు. బడిలో టాలెంట్ టెస్టులు, టీవీలో టాలెంట్ పోటీలు. సంఘములో పాడేవారిని, కీబోర్డు వాయించేవారిని చూసి "దేవుడు వారికి మంచి తలాంతులిచ్చాడు" అంటాము. ఆ వెంటనే ఇంకొక మాట కూడా వినబడుతుంది: "నాకు ఏ తలాంతూ లేదండీ." చాపలు పరచి, గిన్నెలు కడిగి, వెనుక వరుసలో కూర్చునే తల్లులే ఈ మాట ఎక్కువగా అంటారు. కనుక ఈ మాట ఎక్కడనుండి వచ్చిందో కొంచెం చూద్దాం.

గ్రీకు భాషలో "తలాంతోన్" అంటే మొదట త్రాసు. తరువాత ఆ త్రాసులో తూచే ఒక తూకానికి ఆ పేరు వచ్చింది, ఆ తరువాత అంత తూకముగల వెండికి. ఏథెన్సు కొలత ప్రకారం తలాంతు సుమారు 26 కిలోలు, అంటే 6000 ద్రాక్మాలు. గ్రీకుల ద్రాక్మా, రోమీయుల దేనారము ఇంచుమించు సమానమైన నాణెములు. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి రోజుకు ఒక దేనారము. లెక్క వేయండి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా, ఒక్క తలాంతు అంటే 20 ఏండ్ల కూలి! "పాపం, ఒక్కటే ఇచ్చాడు" అని మూడవ దాసుని మీద జాలిపడుతుంటాము గాని, అంత వెండిని దాచే గొయ్యి త్రవ్వడానికే అతడు బాగా శ్రమపడి ఉంటాడు.

మరి వెండి ప్రతిభగా ఎలా మారింది? లాటిను ద్వారా ఇంగ్లీషులోకి అది తూకముగానే వచ్చింది. మత్తయి 25వ అధ్యాయములోని ఉపమానమును వివరిస్తూ, తలాంతులంటే దేవుడిచ్చిన వరములని బోధకులు తరతరాలుగా చెప్పగా చెప్పగా, 15వ శతాబ్దములో ఆ మాటకు సహజ సామర్థ్యము అనే అర్థము వచ్చింది. మన తెలుగు బైబిలులో గ్రీకు మాటనే "తలాంతు"గా ఉంచారు గనుక ఇంగ్లీషు అర్థము అందులోకి సులువుగా చొరబడింది. లూకా 19లో ఇటువంటి ఉపమానమే మినాలతో ఉంది. అయినా "ఆ అబ్బాయికి మంచి మినా ఉంది" అని ఎవరమూ అనము కదా!

బోధకులు చెప్పింది తప్పని నేననను. అయితే 15వ వచనము నెమ్మదిగా చదవండి. యజమానుడు ఎవరి సామర్థ్యమును బట్టి వారికి తలాంతులిచ్చాడు. సామర్థ్యము ముందే ఉన్నది. తలాంతు దానికి తగినట్లు అప్పగింపబడిన యజమానుని సొమ్ము. రెండూ ఒకటే అనుకుంటే ఆ వచనమునకు అర్థమే ఉండదు.

మూడవ దాసుడు కూడా "నాకు చేతకాదు" అనలేదు, భయపడ్డానన్నాడు. యజమానుడు అతనిని ఇంకా ఐదు సంపాదించలేదేమని అడగలేదు. కనీసం సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీ అయినా వచ్చేది కదా అన్నాడు. దానికి పాట రానక్కరలేదు, వాక్చాతుర్యము అక్కరలేదు. సాహుకారు బల్ల దాకా మూట మోసుకొని వెళితే చాలు.