వంకర కాలు తిన్నబడేదెలా?

గుర్రప్పిల్ల పుట్టిన రెండు గంటల్లోపే లేచి నిలబడుతుంది. కొన్నిటికి మాత్రం ముందుకాలు మోకాలి దగ్గర పక్కకు వంగి ఉంటుంది. ఎందుకో తెలుసా? ఎముక చివర ఉండే మృదులాస్థి పొర ఒక పక్క వేగంగా, రెండో పక్క నెమ్మదిగా పెరగడం ఒక కారణం.

చాలా పిల్లలకు విశ్రాంతితోనే సరిపోతుంది. లేకుంటే వైద్యుడు వేగంగా పెరిగే పక్క ఆ పొరకు అడ్డంగా మర బిగిస్తాడు. రెండో పక్క పెరిగి కాలు తిన్నబడుతుంది. వెంటనే మర తీసెయ్యాలి. లేకుంటే కాలు అటువైపు వంగుతుంది. గిట్టపై కీలు వద్ద ఈ పెరుగుదల మూడు నెలల్లోనే చాలావరకు ముగుస్తుంది. ఆలస్యమైతే మర పనిచెయ్యదు.

బస్తర్‌లోని జగర్గుండా వంటి పల్లెల్లో మీరు గుర్రప్పిల్లకన్నా దూడనే ఎక్కువగా చూస్తారు. దూడల్లో బిగుసుకున్న స్నాయువులు గిట్టను వెనక్కి మడుస్తాయి. మెత్తటి గుడ్డ చుట్టి బద్దకట్టు కడితే చాలావాటికి నయమవుతుంది. తీవ్రమైతే వైద్యుడు స్నాయువును కోస్తాడు. ఈలోగా, లేవలేని దూడకు జున్నుపాలు పిండి తాగించండి. రోగనిరోధక శక్తి దానికి అందేది ఆ పాలతోనే.