పసిబిడ్డలు రాత్రివేళ మేల్కొనుట

పసిబిడ్డ రాత్రి రెండు మూడు మార్లు మేల్కొని ఏడ్చినంతమాత్రమున అది వ్యాధి కాదు. తల్లి పెంపకమున లోపమును కాదు. ఎవరి నిద్రయైనను కొంతసేపు గాఢముగను, కొంతసేపు తేలికగను ఉండును. ఈ మార్పునకు పెద్దలలో సుమారు 90 నిమిషములు పట్టగా, పసికందులలో 50 నిమిషములే పట్టును. నిద్ర పలుచబడినప్పుడు బిడ్డ కదలును, మూలుగును. వెంటనే దీపము వెలిగించి ఎత్తుకొనినచో, తిరిగి నిద్రింపబోవు బిడ్డను మనమే లేపినవారమగుదుము. కొన్ని క్షణములు వేచి చూడవలెను.

తొలి వారములలో శిశువునకు రాత్రింబవళ్ళ భేదము తెలియదు. రెండు మూడు నెలలలో క్రమముగా తెలియును. పగలు వెలుతురున ఆడించి, రాత్రి మసక వెలుగులో మాటలు తగ్గించి పాలిచ్చుట ఇందుకు తోడ్పడును. ఆకలికి లేచిన శిశువునకు రాత్రియైనను చనుబాలీయవలసినదే. పాలు ఊరుటకు కారణమగు ప్రొలాక్టిన్ అను హార్మోను రాత్రివేళ అధికముగా నుండును. కనుక రాత్రి పాలు మాన్పినచో తల్లికి పాలు తగ్గవచ్చును. పాలిచ్చుట తల్లి పనియైనను, తరువాత బిడ్డను భుజమున వేసికొని త్రేనుపు తెప్పించుట, తడిగుడ్డ మార్చుట, వెల్లకిల పరుండబెట్టుట తండ్రి చేయరాని పనులేమియు కావు. తల్లికిని నిద్ర వలయును గదా!

బిడ్డ కదలక పడుకొనుటకై రవ్వంత నల్లమందు నాకించు ఆచారము పూర్వము మన దేశమున పలుచోట్ల ఉండెను. నల్లమందు శ్వాసను మందగింపజేసి ప్రాణము తీయగలదు. నేడు దాని స్థానమున జలుబు మందులు, దగ్గు మందులు చేరినవి. వీనిలో కొన్ని మగత కలిగించును. ఆ మగత ఆరోగ్యకరమైన నిద్ర కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదను హెచ్చరికను ముద్రింపవలెనని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023లో ఆదేశించెను. ఇరుగుపొరుగు వారు చెప్పినను, పెద్దబిడ్డకు వాడగా సీసాలో మిగిలియున్నను, నిద్రకొరకు ఇట్టి మందు పోయరాదు.

అంతవరకు బాగుగా నిద్రించు బిడ్డ అకస్మాత్తుగా ప్రతి రాత్రియు లేచుచున్నచో కారణము వెదకవలెను. చెవిపోటు పరుండినప్పుడు హెచ్చును. నులిపురుగులున్న పిల్లలకు ఆసనము వద్ద దురద రాత్రివేళనే అధికము. వీనికి ఆరోగ్య కేంద్రమున చికిత్స కలదు.

శిశువు పాలు త్రాగకున్నను, మూర్ఛ వచ్చినను, లేపినను లేవక మగతగా నున్నను, రెండు నెలలలోపు శిశువునకు జ్వరము వచ్చినను, లేక నిమిషమునకు 60 మార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయుచున్నను, తెల్లవారువరకు ఆగరాదు. 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.