పదహారు చిప్పుల లెక్క

చిల్లకూరులో హైవే దగ్గర మా బావమరిదికి జిరాక్స్ షాపుంది. అందులో 2010లో కొన్న కంప్యూటర్ ఒకటి ఇంకా నడుస్తోంది: కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్. హాల్‌టికెట్ తీయాలన్నా, అడంగల్ ప్రింటు ఇవ్వాలన్నా బ్రౌజర్ మీద నొక్కి టీ తాగి రావాల్సిందే. "ఇంక కొత్తది కొనాల్సిందేనా బావా?" అని ఫోన్ చేశాడు. "అక్కర్లేదు, 4 జీబీ ర్యామ్‌లు రెండు తెచ్చి పెట్టు" అన్నాను. తప్పు నాదే. చెప్పాల్సిన అంకెల్లో ఒక్కటే చెప్పాను.

ముందు ఆ నత్తనడక సంగతి. ర్యామ్‌లో ఉన్న సమాచారం ప్రాసెసర్‌కు అందడానికి దాదాపు 100 నానోసెకన్లు పడుతుంది. ర్యామ్ నిండితే విండోస్ కొంత సరుకును హార్డ్ డిస్కులోకి తోసేస్తుంది. అక్కణ్ణుంచి వెనక్కి తేవాలంటే సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. ర్యామ్‌కు ఒక్క సెకను పట్టే పని డిస్కుకు దాదాపు 28 గంటలు పట్టినట్టు. 2 జీబీతో విండోస్ 10 నడిపితే రోజంతా జరిగేది ఈ తోయడం, తేవడమే. ఇప్పటికే 8 జీబీ ఉన్నవాళ్లకు ర్యామ్ పెంచడం కన్నా ఎస్ఎస్‌డీ వేసుకోవడం మేలు. 2 జీబీ వాళ్లకు మాత్రం ర్యామే మొదటి మందు.

రెండు స్టిక్కులూ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పెట్టి స్విచ్చి వేస్తే తెర నల్లగానే ఉంది, స్పీకర్ మాత్రం బీప్ బీప్ అంటోంది. రబ్బరుతో పిన్నులు తుడవమన్నాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చాలాసార్లు అదే వైద్యం. ఈసారి పనిచేయలేదు.

పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి ఫోటో పంపమన్నాను. పాతదాని స్టిక్కరు మీద ‘2జీబీ 2ఆర్‌ఎక్స్8 పీసీ3-10600యూ’ అనుంది. కొత్తదాని మీద ‘4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ3-12800యూ’. జాతకమంతా ఈ ఒక్క వరుసలోనే ఉంటుంది.

పీసీ3 అంటే డీడీఆర్3. డెస్క్‌టాప్ డీడీఆర్2కీ డీడీఆర్3కీ పిన్నులు 240, పొడవూ ఒకటే, మధ్యలో ఉండే గంటు మాత్రమే వేరేచోట ఉంటుంది. మొదటిదానికి 1.8 వోల్టులు, రెండోదానికి 1.5. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. స్లాటులో దిగకపోతే బలవంతంగా నొక్కొద్దు. ల్యాప్‌టాప్ స్టిక్కులు పొట్టివి: డీడీఆర్3 అయితే 204 పిన్నులు, డీడీఆర్4 అయితే 260. 2013 తర్వాతి డీడీఆర్3 ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 1.35 వోల్టుల రకమే కావాలి. స్టిక్కరు మీద పీసీ3 పక్కన ‘ఎల్’ ఉందో లేదో చూసుకోవాలి.

10600, 12800 అన్నవి వేగం. 1333ని 8తో, 1600ని 8తో హెచ్చవేస్తే దాదాపుగా వచ్చేవి. దీని గురించి బెంగ అక్కర్లేదు, వేగంగా పోగలిగిన స్టిక్కు కూడా బోర్డు నడకకు దిగి నడుస్తుంది. చివరి అక్షరం మాత్రం ముఖ్యం. ‘యూ’ డెస్క్‌టాప్‌కి, ‘ఎస్’ ల్యాప్‌టాప్‌కి, ‘ఆర్’ సర్వర్‌కి. సర్వర్లలోంచి తీసిన ‘ఆర్’ సరుకు చవగ్గా దొరుకుతుంది కానీ, ఇంటి కంప్యూటర్‌లో పనికిరాదు.

మావాణ్ణి ముంచింది 1ఆర్‌ఎక్స్8. బోర్డు ర్యామ్‌తో ఒకేసారి 64 బిట్లు మాట్లాడుతుంది. ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు 8 బిట్లు అందిస్తుంది, కాబట్టి వరుసకు 8 చిప్పులు కావాలి. 1ఆర్ అంటే ఒక వరుస, 2ఆర్ అంటే రెండు వరుసలు. 4 జీబీని 8 చిప్పులతోనే చేస్తే ఒక్కో చిప్పులో 512 ఎంబీ పట్టాలి. 16తో చేస్తే 256 ఎంబీ చాలు. జీ41 వచ్చింది 2008లో. 256 ఎంబీ చిప్పు వరకే దానికి లెక్క తెలుసు, 512 ఎంబీ చిప్పు ఎదురైతే గుర్తుపట్టదు. అందుకే ఆ బీపులు.

అలాగని 16 చిప్పులు లెక్కపెట్టుకుని కొన్నా చాలదు. ‘ఏఎండీకి మాత్రమే’ అని అమ్మే స్టిక్కుల మీదా 16 ఉంటాయి, కానీ అవి ఒక్కోటి 4 బిట్లే ఇచ్చేవి. ఇంటెల్ బోర్డులకు అవి పడవు. స్టిక్కరు మీద 2ఆర్‌ఎక్స్8 అని చదివాకే డబ్బులు తీయాలి.

  

చివరికి మావాడు గూడూరులో రైలెక్కి, 140 కిలోమీటర్ల దూరంలోని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీటుకు పోయి, సెకండ్‌హ్యాండ్‌లో 2ఆర్‌ఎక్స్8వి రెండు పట్టుకొచ్చాడు. డీడీఆర్3కి ఇప్పుడు సెకండ్‌హ్యాండే గతి అనుకోండి. కొత్త రకాలేమో ఏఐ సర్వర్లకు తరలిపోతున్నాయి. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమున్న, ర్యామ్ చిప్పులు చేసే మైక్రాన్ సంస్థే, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

ఈసారి తెర వెలిగింది. "8 జీబీ అంటోంది గానీ, పక్కనే 3.25 మాత్రమే వాడొచ్చంటోంది, ఏంది బావా ఇది?" అన్నాడు. విండోస్ 32 బిట్లది. 32 బిట్లతో రాయగలిగిన చిరునామాలు 4,29,49,67,296, అంటే సరిగ్గా 4 జీబీ. అందులో గ్రాఫిక్స్‌కీ మిగతా భాగాలకీ వాటా పోతే మిగిలేది అంతే. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, 64 బిట్ల విండోస్ వేయించాం. పాత లైసెన్సే సరిపోయింది.

బీప్ కొట్టిన ఆ 8 చిప్పుల స్టిక్కులు పాడైనవేం కాదు. మా ఇంట్లో ఇంకో పాత డెస్క్‌టాప్‌ది 2011 నాటి హెచ్61 బోర్డు. అదిప్పుడు వాటితోనే నడుస్తోంది.