బస్తా ఎత్తకముందే అలుపు తగ్గించే నమ్మకం

పామర్రు: కోతల రోజుల్లో ధాన్యం బస్తాలు ఎత్తే హమాలీలకు టీ పడందే చెయ్యి ఆడదు. రెండు గుక్కలు గొంతు దిగాయంటే 75 కిలోల బస్తా కూడా తేలికైనట్టే ఉంటుంది. కానీ టీలో చురుకు పుట్టించే కెఫీన్ రక్తంలో పూర్తిగా కలవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అప్పటికి సగం లారీ నిండిపోతుంది. మరి మొదటి బస్తా ఎత్తించిందేమిటి?

మనం చెయ్యి కదపడానికి సుమారు ఒక సెకను ముందే మెదడు అందుకు సిద్ధమవుతుంది, కాడి లాగబోయే ఎద్దు ముందుగా మెడ బిగించినట్టు. ఆ వేళ మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును జర్మనీలో కోర్న్‌హూబర్, డీకే అనే శాస్త్రజ్ఞులు 1964లో తలకు తీగలు అతికించి పట్టుకున్నారు. పని బరువైన కొద్దీ ఆ విద్యుత్తు పెరుగుతుంది.

ఇటలీలోని ట్యూరిన్ పరిశోధకులు కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, అందులో కెఫీన్ ఉందని నమ్మించి, వేలితో బరువు లాగించారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. నమ్మినవారికి అలుపు తక్కువ అనిపించింది. చిత్రమేమంటే, వేలు కదలకముందు మెదడులో పుట్టే ఆ విద్యుత్తు కూడా వారిలో పెరగలేదు. బరువు మారలేదు, మెదడు దాన్ని తేలిక పనిగా లెక్కగట్టింది!

వణుకుడు జబ్బు విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆ రోగులకు కదలికను నడిపే డోపమిన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోతుంది. మందు అనుకుని ఉప్పునీటి సూది వేయించుకున్న రోగుల మెదడులో డోపమిన్ ఊరిందని కెనడాలోని వాంకూవర్ వైద్యులు 2001లో చూపారు. అలాగని వారు మాత్రలు మానితే జబ్బు ఊరుకోదు.

మన ఊళ్లలో నాట్ల కూలి డబ్బులు పోసి ఎక్కించుకునే ‘బలం సీసా’ సంగతీ చూడాలి. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. సీసా సగం కాకముందే లేచి కూర్చునే వారిది నటన కాదు, పైన చెప్పిన నమ్మకమే. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువని తేలింది. సీసా ఆ రక్తాన్ని పెంచదు. నాలుగు రోజులకు నీరసం మళ్లీ వస్తుంది, మళ్లీ సీసా, మళ్లీ కూలి డబ్బులు. రక్త పరీక్ష, ఐరన్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే.